లినక్స్ నిల్వ డ్రైవర్లలో ఉమ్మడి తాళం - తొలగింపు చరిత్ర: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో డిస్కు వంటి నిల్వ పరికరాలను నడిపే డ్రైవర్లన్నీ ఒకప్పుడు ఒకే తాళం కింద పనిచేసేవి. 1996 నుంచి 2019 వరకు ఆ తాళం ముక్కలై, చిన్నదై, చివరికి ప్రధాన మార్గం నుంచి తొలగిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తాళాన్ని తీయడం కంటే అది ఇన్నాళ్ళూ దేన్ని కాపాడుతూ వచ్చిందో కనుక్కోవడమే అసలు శ్రమ. ఆ శ్రమను ఎవరు, ఎప్పుడు చేయాలన్న ప్రశ్నకు 2010లో దొరికిన సమాధానమే ఈ చరిత్రలో ముఖ్యమైన మలుపని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: లినక్స్, కెర్నల్, డ్రైవర్, స్పిన్‌లాక్, స్కజీ, హోస్ట్ లాక్, బహుళ క్యూలు.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘తాళం వేయడం’ అంటే గది ఖాళీ చేసి, తలుపు మూసి, చెవి పట్టుకొని బయటికి వెళ్ళడం. కంప్యూటర్ పరిభాషలోని లాక్ దీనికి భిన్నమైనది. అక్కడ తాళం పట్టినవాడు లోపలే ఉంటాడు, మిగిలినవారు బయట వేచి ఉంటారు. ఈ అర్థానికి ‘గడియ పెట్టుకోవడం’ దగ్గరి మాట. తలుపు గడియకూ, 24 నిమిషాల కాలపరిమాణానికీ తెలుగులో ఒకే మాట ఉండడం ఈ విషయానికి చక్కగా అతుకుతుంది. లోపల గడియ పడినంతసేపూ బయటివారు గడియలు లెక్కపెట్టుకోవలసిందే. అయినా ‘తాళం’ అన్న మాట అందరికీ పరిచితమైనందున ఈ వ్యాసంలో దాన్నే వాడడం జరిగింది.

ప్రాసెసర్, మెమరీ, డిస్కు వంటి వనరులను ప్రోగ్రాములకు పంచిపెట్టే మూల ప్రోగ్రాము కెర్నల్. ఒక్కొక్క పరికరం పద్ధతి తెలిసి దానితో వ్యవహరించే కెర్నల్ భాగం డ్రైవర్. ఒక ఫైలును భద్రపరచమన్నప్పుడు ఆ మాట ఒక అభ్యర్థనగా మారి, క్యూలో చేరి, డ్రైవర్ ద్వారా పరికరాన్ని చేరుతుంది. రెండు ప్రాసెసర్లు ఒకే క్షణంలో ఆ క్యూను సవరించబోతే రెండూ ఒకే ఖాళీ స్థానాన్ని చూసి, రెండు అభ్యర్థనలను అందులోనే రాయవచ్చు. రెండు రిజర్వేషన్ కౌంటర్లలో ఒకే బెర్తును ఇద్దరికి రాసిన చందమిది. రైలులోనైతే ఇద్దరూ తగవు పడతారు, తప్పు బయటపడుతుంది. డిస్కు మీద ఒకరి అక్షరాలపై మరొకరి అక్షరాలు పడితే తగవు పడేవారుండరు. ఆ ఫైలు తెరిచిన నాడు గానీ నష్టం తెలియదు. తాళం అవసరం ఇక్కడ పుట్టింది. దాన్ని తీయబోయిన ప్రతిసారీ కలిగిన భయం కూడా ఇక్కడిదే.

ఈ చరిత్రకు ప్రధాన ఆధారం లినక్స్ మూలపాఠమే. 2005 ఏప్రిల్ నుంచి ప్రతి మార్పూ చేసినవారి పేరుతో, తేదీతో, కారణంతో గిట్ భాండాగారంలో నమోదై ఉంది. అంతకు పూర్వపు విషయానికి వెలువడిన సంచికలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి పాఠభేదాలు చూసుకోవలసి ఉంటుంది. తాళపత్ర ప్రతులతో పనిచేసిన పరిశోధకులకు ఈ పని కొత్తగా అనిపించదు.

2. ఒకే ప్రాసెసర్ కాలం నుంచి ఒకే తాళం కాలానికి

లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్‌ను మొదలుపెట్టింది ఒకే ప్రాసెసర్ ఉన్న యంత్రం కోసం. కెర్నల్‌లో సాగుతున్న పనిని మరో పని మధ్యలో ఆపేది కాదు. అడ్డు తగలగలిగినవి పరికరాల నుంచి వచ్చే ఇంటరప్టులు మాత్రమే. సున్నితమైన చోట వాటిని కాసేపు నిలిపివేసే ఆదేశం రాస్తే డ్రైవర్ రచయిత బాధ్యత తీరిపోయేది. కనుక ఆనాటి డ్రైవర్లలో ‘ఈ సమాచారాన్ని ఇద్దరు తాకరాదు’ అన్న జాగ్రత్త ఎక్కడా రాతలో కనబడదు. ఇద్దరు అనే మాటకే తావు లేని కాలమది.

1996 జూన్‌లో వెలువడిన 2.0 సంచిక ఒకటి కంటే ఎక్కువ ప్రాసెసర్లున్న యంత్రాలను మొదటిసారిగా ఆదరించింది. ఆ పనిలో అలన్ కాక్స్ పాత్ర ప్రధానమైనది. అప్పుడు ప్రవేశపెట్టినదే ‘బిగ్ కెర్నల్ లాక్’. ఒక ప్రాసెసర్ కెర్నల్‌లోకి ప్రవేశిస్తే మరొకటి బయట ఆగాలి. నేటి దృష్టితో చూసి దీన్ని మొరటు ఉపాయమనడం తేలిక. కానీ అంతవరకు రాసిన డ్రైవర్లలో ఏ ఒక్కదాన్నీ తిరగరాయకుండా, ఇద్దరున్న లోకంలో ఒక్కడే ఉన్నాడన్న భ్రమను నిలబెట్టగలగడం చిన్న విషయం కాదు. ఆ సౌకర్యానికి చెల్లించవలసిన మూల్యం మాత్రం పదిహేనేళ్ళపాటు వాయిదాల్లో తీరింది. ఆర్న్డ్ బెర్గ్‌మన్ చేతుల మీదుగా ఆ తాళం పూర్తిగా తొలగింది 2011 మే నెలలో వచ్చిన 2.6.39 సంచికలో.

నిల్వ పరికరాల విషయానికి వస్తే, 1999 జనవరిలో వచ్చిన 2.2 సంచిక నాటికే వాటికొక ప్రత్యేకమైన తాళం ఏర్పడింది. దాని పేరు ‘ఐఓ రిక్వెస్ట్ లాక్’. ఇది స్పిన్‌లాక్ జాతికి చెందినది. తాళం దొరకని ప్రాసెసర్ వేరే పనికి పోకుండా, దొరికిందా దొరికిందా అని అక్కడే తిరుగుతూ చూస్తూ ఉంటుంది. ప్రత్యేకమైనదని అన్నా, యంత్రం మొత్తానికి అది ఒక్కటే. ఫ్లాపీ డ్రైవ్‌కూ, సీడీ డ్రైవ్‌కూ, లక్షల రూపాయల ఫైబర్ ఛానల్ డిస్కుల వరుసకూ అదే తాళం. 2001 జనవరిలో వచ్చిన 2.4లోనూ ఇదే పరిస్థితి.

దీన్ని చాలాకాలం ఎవరూ లోపంగా భావించకపోవడానికి కారణం డిస్కుల నిదానమే. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కు సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. కావలసిన చోటు ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే 4 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. ఆ వ్యవధిలో ప్రాసెసర్ లక్షల ఆదేశాలు నడిపేస్తుంది. తాళం దగ్గర పోయే కొద్ది మైక్రోసెకన్లు ఆ నిరీక్షణలో కలిసిపోయేవి. సర్వర్లలో డిస్కుల సంఖ్య పదులకు చేరి, ప్రాసెసర్లు నాలుగు, ఎనిమిది అయ్యాక గాని ఆ నష్టం కంటికి ఆనలేదు.

2.4 కాలపు స్కజీ పొరలో ఒక వింత సంప్రదాయం కనిపిస్తుంది. డిస్కులూ వాటిని కంప్యూటర్‌కు కలిపే అడాప్టర్ కార్డులూ పాటించే ఒక ప్రమాణానికి స్కజీ అని పేరు. ఆ కార్డుల డ్రైవర్లన్నిటికీ పైన ఉమ్మడిగా ఒక మధ్య పొర ఉంటుంది. అది ‘క్యూకమాండ్’ అనే ప్రమేయం ద్వారా డ్రైవర్‌కు ఆదేశం అందిస్తుంది. అలా అందించేటప్పుడు ఉమ్మడి తాళం మధ్య పొర చేతిలోనే ఉండేది, ఇంటరప్టులు ఆగి ఉండేవి. ఎక్కువసేపు పని ఉన్న డ్రైవర్లు, తాము వేయని ఆ తాళాన్ని తామే తీసి, పని ముగించుకొని, మళ్ళీ వేసి వెనక్కి వచ్చేవి. వేసేది ఒక ఫైలులో, తీసేది మరో ఫైలులో. తాళం ఎప్పుడు ఎవరి చేతిలో ఉందో తెలియాలంటే రెండిళ్ళ ఆచారమూ తెలిసి ఉండాలి.

3. 2001: పేరుతో సహా తుడిచివేత

2001 డిసెంబర్‌లో విడుదలైన 2.5.1 అభివృద్ధి సంచికలో యెన్స్ ఆక్స్‌బో నిల్వ పొరను మూలమట్టంగా తిరగరాశారు. అభ్యర్థనల రూపమే మారిపోయింది. దానితోపాటు ఐఓ రిక్వెస్ట్ లాక్ పోయి, ఒక్కొక్క క్యూకు ఒక్కొక్క తాళం వచ్చింది. స్కజీ పొరలో ఒక్కొక్క అడాప్టర్‌కు ‘హోస్ట్ లాక్’ ఏర్పడింది.

ఇక్కడ అనుసరించిన పద్ధతి గమనించదగినది. పాత తాళం పేరే మూలపాఠంలో లేకుండా పోయింది. దానితో ఆ పేరును ప్రస్తావించే ప్రతి డ్రైవరూ కంపైల్ కావడం మానేసింది. ముఖ్యమైన డ్రైవర్లు త్వరగానే కొత్త పద్ధతికి మారాయి. ఆదరణ తగ్గిన కార్డుల డ్రైవర్లు నెలల తరబడి అలాగే పడి ఉన్నాయి. 2003 డిసెంబర్‌లో 2.6.0 వెలువడేనాటికి ఇలాంటి అనాథల్లో కొన్నింటికి ఆకృతీకరణ పట్టికలో ‘బ్రోకెన్’ అన్న గుర్తు పడింది.

ఈ పద్ధతి కఠినమైనదే కాని నిజాయితీ గలది. అర్థం మారిన తాళాన్ని పాత పేరుతోనే ఉంచి ఉంటే డ్రైవర్లన్నీ చక్కగా కంపైల్ అయ్యేవి, ఆ తరువాత నిశ్శబ్దంగా డిస్కులను పాడుచేసేవి. అయితే భారం ఎవరిమీద పడిందన్నది వేరే ప్రశ్న. పాత కార్డు ఒకటి ఇంట్లో ఉండి, దానికి డ్రైవర్ సరిదిద్దే నేర్పు లేని వాడుకరి మీదనే అది పడింది.

4. 2010: కిందికి నెట్టడం

2.6 కాలంలో హోస్ట్ లాక్ ఒక్కొక్క అడాప్టర్‌కు పరిమితమైంది. అయినా పాత ఆచారం పోలేదు. మధ్య పొర ఆ తాళం పట్టుకొనే క్యూకమాండ్‌ను పిలిచేది. సాటా డిస్కులను నడిపే లిబ్‌ఆటా దీనికి మంచి ఉదాహరణ. దానికి తన పోర్టుకు సంబంధించిన సొంత తాళం ఉంది. కనుక లోపలికి రాగానే హోస్ట్ లాక్ తీసి, సొంత తాళం వేసి, ఆదేశం అందించి, సొంత తాళం తీసి, వెళ్ళబోయే ముందు మళ్ళీ హోస్ట్ లాక్ వేసేది. ఒక్కొక్క ఆదేశానికీ ఈ తంతు. ఘనస్థితి నిల్వ పరికరాలు వచ్చి, ముల్లు తిరగడమనే నిరీక్షణ పోయాక ఈ తంతుకయ్యే కాలం దాచుకోవడానికి చోటు లేకపోయింది.

తీసేయాలని అందరూ ఒప్పుకున్నదే. చిక్కంతా డ్రైవర్ల సంఖ్యలో ఉంది. పదుల కొద్దీ డ్రైవర్లలో ఏది ఆ తాళాన్ని నమ్ముకుందో ఏది నమ్ముకోలేదో ఎవరికీ పూర్తిగా తెలియదు. రాసినవారిలో కొందరు ఆ పని మానేసి ఏళ్ళయింది. కొన్ని కార్డులు పరీక్షించుదామన్నా దొరకవు. తాళంపై ఆధారపడ్డామన్న సంగతిని డ్రైవర్ రచయిత ఎక్కడా రాయడు, ఎందుకంటే అది అతడు వేసిన తాళం కాదు. ఇంటికి ప్రహరీ ఉన్నంతకాలం పెరటి తలుపుకు గడియ ఉందో లేదో ఎవరు చూసుకుంటారు?

అప్పుడు పరిశీలనకు వచ్చిన మార్గాల్లో ఒకటి, తాళం అక్కరలేని డ్రైవర్లు ఒక జెండా ఎగరేసి ఆ సంగతి చెప్పుకోవడం. 2010 నవంబర్‌లో ఆమోదం పొందినది మాత్రం జెఫ్ గార్జిక్ రాసిన వేరొక మార్పు. లిబ్‌ఆటా రచయిత కూడా ఆయనే కావడం గమనార్హం. ఆయన చేసినది తాళాన్ని తీసేయడం కాదు, కిందికి నెట్టడం. మధ్య పొర ఇకమీదట తాళం లేకుండానే క్యూకమాండ్‌ను పిలుస్తుంది. అదే సమయంలో ప్రతి డ్రైవర్‌లోని పాత ప్రమేయం పేరు చివర ‘ఎల్‌సీకే’ అన్న మూడక్షరాలు చేరాయి. దాని చుట్టూ ఒక చిన్న తొడుగు ఏర్పడింది. ఆ తొడుగు హోస్ట్ లాక్ వేసి, పాత ప్రమేయాన్ని పిలిచి, తాళం తీసి తిరిగివస్తుంది. జరిగే పనిలో రవ్వంత తేడా లేదు. ప్రవర్తన మారదని, ఉన్న తప్పులు కూడా ఉన్నట్టే ఉంటాయని మార్పుతోపాటు రాసిన వివరణలోనే గార్జిక్ పేర్కొన్నారు. తప్పులను సైతం భద్రపరుస్తామని ముందుగా చెప్పుకునే సవరణ అరుదు. పాఠ పరిష్కర్తలు కూడా అంత నిగ్రహం చూపడం తక్కువ.

ఈ పనిలో ఒక పాత రహస్యం కూడా బయటపడింది. ప్రతి ఆదేశానికీ మధ్య పొర ఒక క్రమసంఖ్య ఇచ్చేది. అడాప్టర్ అంతటికీ ఉమ్మడిగా ఉండే ఆ లెక్కను పెంచడానికి తాళం కావాలి. తాళం ఎప్పుడూ చేతిలోనే ఉండడం వల్ల ఆ లెక్క గురించి ఎవరూ ఆలోచించలేదు. తాళం జరిగిపోయాక చూస్తే, ఆ సంఖ్యను నిజంగా వాడుకునే డ్రైవర్లు కొద్దివే. అందుకే క్రమసంఖ్య ఇచ్చే పని కూడా ఆ తొడుగులోకే చేరింది. అక్కరలేని డ్రైవర్ తాళంతోపాటు దాన్నీ వదులుకోవచ్చు.

2011 జనవరిలో వచ్చిన 2.6.37లో ఈ మార్పు లోకానికి అందింది. లిబ్‌ఆటాలో తీసి వేసే తంతు ఆగిపోయి, సొంత తాళం ఒక్కటే మిగిలింది. మిగిలిన డ్రైవర్లలో ఎవరి వీలును బట్టి వారు, తమ పరికరం మీద పరీక్షించుకొని, ‘ఎల్‌సీకే’ను తొలగించుకోసాగారు. 2001 నాటి పద్ధతిలో పరీక్ష అందరికీ ఒకే రోజు వచ్చింది. 2010 పద్ధతిలో పరీక్ష తేదీని ఎవరికి వారే నిర్ణయించుకున్నారు.

5. గుర్తు ఎవరికి?

పేర్ల విషయం భాషాధ్యయనపరులకు ఆసక్తికరమైనది. బిగ్ కెర్నల్ లాక్‌ను తగ్గించే క్రమంలో 2005లో, 2.6.11 సంచికలో, ‘అన్‌లాక్డ్ ఐఆక్టల్’ అనే కొత్త ప్రమేయ స్థానం ఏర్పడింది. అందులో తాళం లేని దానికి విశేషణం తగిలింది, తాళం ఉన్నదానికి ఏ గుర్తూ లేదు. అంటే ఆనాటికి తాళం సహజం, దాని లేమి మినహాయింపు. 2010లో వచ్చిన జెండా ప్రతిపాదనలోనూ అదే దృష్టి కనబడుతుంది. గార్జిక్ మార్పులో ఇది తలకిందులైంది. గుర్తు లేని క్యూకమాండ్ తాళం లేనిది. తాళం కావలసిన ప్రమేయమే పేరు చివర గుర్తు మోయాలి.

వాడుకలో దేనికి విశేషణం అక్కరలేదో అదే ఆ సమాజం సహజమని భావించేది. ‘రచయిత్రి’ అన్నప్పుడూ ‘మహిళా కండక్టర్’ అన్నప్పుడూ జరిగేది ఇదే. కొత్తగా డ్రైవర్ రాయబోయే వ్యక్తి చుట్టూ చూసి నేర్చుకుంటాడు. 2010కి ముందు అలా చూస్తే తాళం కంటికి కనబడేదే కాదు, అది పై పొరలో ఉండేది. ఆ తరువాత ‘ఎల్‌సీకే’ అన్నది పాతదనపు ముద్రగా ఎదురుగా కనిపిస్తూ వచ్చింది. ఆ మూడక్షరాల బోధనాశక్తిని తక్కువగా అంచనా వేయరాదు.

6. బహుళ క్యూల రాక

క్యూకు ఒక తాళం అన్నది 2001లో ముందడుగు. పన్నెండేళ్ళలో అదే అడ్డుగోడ అయింది. 2011 మార్చిలో వెలువడిన ఎన్‌వీఎంఈ ప్రమాణం ఒక్క పరికరానికి 64 వేల దాకా క్యూలను అనుమతించింది. పరికరం అన్ని ద్వారాలు తెరిచి ఉంచితే, కెర్నల్ మాత్రం ఒకే తాళం ఉన్న ఒకే క్యూలో ప్రాసెసర్లన్నిటినీ నిలబెడుతోంది. 2013లో సిస్టర్ సదస్సులో మతియాస్ బ్యోర్లింగ్, ఆక్స్‌బో, మరో ఇద్దరు సమర్పించిన పత్రం ఈ విషయాన్ని కొలతలతో చూపింది. ప్రాసెసర్లను పెంచుతూపోయినా పాత పొర సెకనుకు పది లక్షల అభ్యర్థనలకు లోపే ఆగిపోతుందని తేలింది. వారి ప్రతిపాదనలో ఒక్కొక్క ప్రాసెసర్‌కు సొంత క్యూ ఉంటుంది. దాన్ని తాకేది సాధారణంగా ఆ ప్రాసెసర్ ఒక్కటే కనుక పోటీ ఉండదు.

ఈ కొత్త పొర 2014 జనవరిలో 3.13తో వచ్చింది. అదే ఏడాది అక్టోబర్‌లో 3.17తో క్రిస్టోఫ్ హెల్‌విగ్ స్కజీనీ దానికి కలిపారు. తాళం కింద పెరిగే లెక్కలను ఆయన తాళం అక్కరలేని అటామిక్ సంఖ్యలుగా మార్చారు. అయితే తాళం పోయినంతమాత్రాన ఉమ్మడితనం పోలేదు. అడాప్టర్ మీద ఎన్ని ఆదేశాలు సాగుతున్నాయో చెప్పే ఒకే సంఖ్యను అన్ని ప్రాసెసర్లూ మారుస్తుంటే, ఆ సంఖ్య ఉన్న క్యాష్ పంక్తి ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూనే ఉంటుంది. వేగమార్గం నుంచి ఆ లెక్కను తప్పించడానికి మరికొన్నేళ్ళు పట్టింది.

పాత డిస్కుల సంగతి వేరు. వాటికి అభ్యర్థనలను తెలివిగా వరుసపెట్టే షెడ్యూలర్లు ముఖ్యం. కొత్త పొరలో బీఎఫ్‌క్యూ వంటివి చేరింది 2017 జులైలో, 4.12తో. దాని వెంటనే 4.13 తయారీలో స్కజీకి కొత్త మార్గాన్ని సహజస్థితిగా నిర్ణయించి, ఫిర్యాదులు రావడంతో విడుదలకు ముందే వెనక్కి తీసుకున్నారు. 2018 అక్టోబర్‌లో వచ్చిన 4.19తో మళ్ళీ నిర్ణయించారు.

7. 2018 డిసెంబర్

4.19 వాడినవారిలో కొందరి ఫైలు వ్యవస్థలు పాడవసాగాయి. లక్షణాలు ఎక్స్‌టీ4 ఫైలు వ్యవస్థలో బయటపడ్డాయి కనుక అనుమానం మొదట దానిమీదకే పోయింది. అసలు దోషం నిల్వ పొరలో ఉన్నట్టు డిసెంబర్ మొదట్లో తేలింది. షెడ్యూలర్ లేనప్పుడు అభ్యర్థనను క్యూలో ఆపకుండా నేరుగా డ్రైవర్‌కు అందించే మార్పు 4.19లో వచ్చింది. డ్రైవర్ అభ్యర్థనను సిద్ధం చేసుకున్నాక పరికరం తీరిక లేదంటే, ఆ అభ్యర్థన తిరిగి క్యూకు చేరేది. అక్కడ పక్కనున్న మరో అభ్యర్థన దానిలో విలీనమయ్యేది. డ్రైవర్ వేసుకున్న పట్టికలో మాత్రం పాత కొలతే ఉండేది. కొలత ఒకటి, సరుకు ఒకటి. ఆక్స్‌బో సవరణతో ఇది సరిదిద్దబడింది.

ఇది తాళం తీయడం వల్ల నేరుగా కలిగిన దోషం కాదు, అలా చెప్పడం సరికాదు. పాత మార్గంలో డ్రైవర్ చేతికి చేరిన అభ్యర్థనకు ‘మొదలైంది’ అన్న గుర్తు పడేది. ఆ గుర్తు ఉన్నదానిలో మరొకటి విలీనం కాకూడదని నియమం. ఒకే క్యూ, ఒకే తాళం, ఒకే గుర్తు కలిసి ఇచ్చిన ఆ రక్షణ కొత్త మార్గంలోని ఒక సందులో జారిపోయింది. పాత కట్టడాన్ని విప్పేటప్పుడు ఏ రాయి ఏ దూలాన్ని మోస్తోందో చూసుకోవాలన్న హెచ్చరిక ఈసారి కొందరి సొంత ఫైళ్ళ రూపంలో మూల్యం అడిగింది.

2019 మార్చిలో 5.0తో పాత ఏక క్యూ మార్గం కెర్నల్ నుంచి వెళ్ళిపోయింది. 2001లో క్యూకొక తాళాన్ని తెచ్చిన ఆక్స్‌బోనే అభ్యర్థనల మార్గం నుంచి దాన్ని సాగనంపారు. ఇది దూరాన ఉన్న సర్వర్ల ముచ్చట మాత్రమే కాదు. యూఎఫ్ఎస్ రకం నిల్వ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో ప్రతి ఫొటోనూ, ప్రతి సందేశాన్నీ రాసేది ఈ స్కజీ పొరే.

హోస్ట్ లాక్ మాత్రం పూర్తిగా పోలేదు. 100 మెగాబైట్ల జిప్ డ్రైవ్‌ను ప్రింటర్ తగిలించే పారలల్ పోర్టు ద్వారా నడిపే పీపీఏ అనే డ్రైవర్ ఒకటుంది. అందులోని క్యూకమాండ్ ప్రమేయం పేరు చివర ‘ఎల్‌సీకే’ ఆ తరువాత కూడా అలాగే నిలిచింది. ఆ పరికరం ఒకసారికి ఒకే ఆదేశం తీసుకుంటుంది. ఇప్పటికే చేతిలో ఒక ఆదేశం ఉందా అని చూసే పరీక్ష ఒకటి ఆ ప్రమేయంలో మొదటే కనిపిస్తుంది. ఆ పరీక్షకూ, కొత్త ఆదేశాన్ని నమోదు చేసుకోవడానికీ మధ్య మరొకరు లోపలికి రాకుండా తాళం ఉండాలి. దాన్ని తీసేయమని అడిగిన వారెవరూ లేరు, అవసరమూ లేదు.